అరవై ఆంప్స్ బ్రేకర్

"ఇది నేనివ్వను," అన్నాడు కౌంటర్ వెనకున్న ముసలాయన.

క్లింట్ తెల్లబోయాడు. అలమరలోంచి తనే వెతికి తెచ్చుకున్న బ్రేకర్ అది. అరవై ఆంప్స్‌ది.

"ఎందుకివ్వరు?"

"దేనికి నీకిది?"

"వెల్డింగు మిషన్ కొన్నాను. గ్యారేజీలో బట్టలారబెట్టే డ్రయ్యర్ ప్లగ్గుకి తగిలించాను. రాడ్డు ఆనించి నిమిషం కాకుండానే బ్రేకర్ పడిపోయి కరెంటు ఆగిపోతోంది. ఉన్నది ముప్ఫై ఆంప్స్‌దే మరి."

"గోడలో వైరెంత లావుంది?"

"నాకేం తెలుసు? మొన్న వేసవిలో కొన్నాం ఇల్లు. గోడలు బద్దలుకొట్టి చూసుకుని కొనం కదా."

"ముప్ఫైకి వేసిన వైరే అయ్యుంటుంది. బ్రేకర్ కాపలా కాసేది నీ మిషన్ని కాదు బాబూ, గోడలోని వైరుని. పెద్దది పెడితే బ్రేకర్ పడదు, వైరు కాలుతుంది. ముందు మీటరు పెట్టె నుంచి లావు వైరు వేరేగా లాగించుకో. అప్పుడు నేనే ఇస్తా. అందాకా కరెంటు తగ్గించి, సన్న రాడ్డుతో మెల్లగా కానీ."

వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. క్లింట్‌కి ఒళ్లు మండింది. సరస్సు గడ్డకట్టేలోపు, మంచు మీద చేపలు పట్టే గుడిసెకి ఇనుప చట్రం తయారవ్వాలి. సరస్సు మీద మొదట లేచేది నా గుడిసేనని ఫ్యాక్టరీలో గొప్పలు కూడా పోయి ఉన్నాడు.

"ఈ కొట్లో సామాన్లు అమ్ముతారా, పరీక్షలు పెడతారా?"

"ఆ గోడకవతల ఎవరు పడుకుంటారు?" అనడిగాడు ముసలాయన.

క్లింట్ మొహం తిప్పుకుని, కొట్టు యజమానురాలు వెర్నాని కేకేశాడు.

"మీ మనిషి నన్ను నలుగుర్లో చిన్నపిల్లాణ్ణి చేస్తున్నాడు. ఇలాగైతే పక్క ఊరి కొట్టుకి పోతాం. మా ఫ్యాక్టరీ వాళ్లందరికీ చెప్తాను."

వెర్నా బ్రేకర్ అందుకుని సంచిలో వేసింది. ముసలాయన మొహం చూడకుండానే అంది.

"ఆర్విడ్, ఇక చాలు. ఇంటికెళ్లండి. రేపట్నుంచి రావద్దు."

ఆర్విడ్ ఏప్రన్ విప్పి మడిచి కౌంటర్ మీద పెట్టాడు. పోతూ పోతూ క్లింట్ దగ్గర ఆగాడు.

"పని చేస్తున్నంతసేపూ గోడ మీద చెయ్యి పెట్టి చూసుకో," అన్నాడు.

ఇంటికెళ్లి ఈ సంగతి భార్యకి చెప్పి నవ్వాడు క్లింట్. జోలీన్ నవ్వలేదు.

"చలికాలం ముందు ముసలాయన ఉద్యోగం తీయించొచ్చావా?"

"నోరు అదుపులో లేకపోతే అంతే."

కొత్త బ్రేకర్ ఒక్కసారి కూడా పడలేదు. శనివారం మధ్యాహ్నమంతా పని జోరుగా సాగింది.

"క్లింట్, ఇలా రా," లోపల్నుంచి జోలీన్ పిలిచింది. "పాప గదిలో గోడేంటి ఇలా కాలిపోతోంది?"

పాప మంచం ఆ గోడకే ఆనించి ఉంది. పాప మంచి నిద్రలో ఉంది.

క్లింట్ గోడ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. పరిగెత్తి మెయిన్ ఆపాడు. గోడ పలక ఊడదీస్తే లోపల వైరు తొడుగు కరిగి కారుతోంది. పక్కనున్న కర్ర నల్లగా బొగ్గయింది.

జోలీన్ పాపనెత్తుకెళ్లి కార్లో కూర్చుంది. లోపలికి రమ్మని ఎంత పిలిచినా రాలేదు. క్లింట్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

సోమవారం కొట్టు తెరవకముందే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

"తప్పంతా నాదే. ఆయన్ని పిలిపించండి. అందరి ముందూ క్షమాపణ చెప్పుకుంటాను. మళ్లీ ఉద్యోగంలో పెట్టుకోండి."

"ఆయన ఊళ్లో లేరు," అంది వెర్నా. "నిన్న ఇంటికి తాళం వేసుకుని వెళ్లిపోయారు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

"ఉద్యోగం పోయిందనా?"

"ఉద్యోగమెక్కడిది? పైసా జీతం తీసుకోలేదు. ఆ కౌంటర్ దగ్గర నిలబడనిస్తే చాలని అడిగి వచ్చారు."

"మరి ఎందుకు పంపేశారు?"

వెర్నా తాళం తీయబోయి ఆగింది.

"ఆయన మొహం చూడలేకపోయేదాన్ని. మీ ఫిర్యాదు నాకొక సాకు. మీరు ఊరికి కొత్త, మీకు తెలీదు. ఆయన కొడుకు కూడా గ్యారేజీలో వెల్డింగు చేసుకునేవాడు. బ్రేకర్ పడిపోతోందని ఇదే గొడవ. ఇలాంటిదే ఒకటి ఈ కొట్టునుంచే వెళ్లింది. ఒక్క ముక్క అడక్కుండా నేనే అమ్మాను. తెల్లారేసరికి ఇల్లూ లేదు, ఆ అబ్బాయీ లేడు."

"పాపం, అతనూ నాలాగే తొందరపడ్డాడన్నమాట," అన్నాడు క్లింట్.

వెర్నా తల అడ్డంగా ఊపింది.

"ఆ అబ్బాయికసలు బ్రేకర్ మార్చడమే రాదు. కొని తీసుకెళ్లి, తన చేత్తో బిగించి, ఇక నీకే ఇబ్బందీ లేదురా అని భుజం తట్టి వచ్చింది ఆర్విడే."