రెండో కుర్చీ

డెబ్బై మంది ప్రయాణికులున్న విమానాన్ని ఈ చేత్తోనే దింపాను. నవ్వకండి. విమానమంటే మా అల్లుడు గోడకు అతికించిన కాగితం బొమ్మే, మీటలన్నీ గీసి ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు యుద్ధవిమానం ఒంటరిగా నడిపినవాడు, ఇప్పుడు ప్రయాణికుల్ని తిప్పే చిన్న విమానాల కంపెనీలో చేరాడు. పక్క పైలట్‌కు చెప్పకుండా మీట తనే లాగాడని ఒకసారి ఫెయిల్ చేశారు. రేపే మళ్ళీ పరీక్ష.

ఈ సాధనలో పక్క పైలట్‌ని నేను. అతని చెయ్యి మళ్ళీ చక్రాల మీట మీదికి పోయింది.

"అల్లుడూ! అన్నీ నువ్వే చేస్తే నేనెందుకిక్కడ, దిష్టిబొమ్మనా?"

"అలవాటు మామయ్యా. అక్కడ పక్కన ఎవరూ ఉండరు. ఎవరికి చెప్పను?"

"రేపూ ఇలాగే చేస్తే?"

"ఉద్యోగం ఉండదు." కళ్ళు మూసుకున్నాడు.

"అయితే చేతులు కట్టుకో. నోటితో నడుపు."

కట్టుకున్నాడు.

"మామయ్యా, చక్రాలు దించండి."

కాగితం మీద వేలితో నొక్కాను. "దిగాయి."

"చాలా అలిసిపోయాను మామయ్యా."

పెళ్ళయిన పదేళ్ళలో ఆ మాట అతని నోట వినడం అదే మొదలు.

"కాసేపు నేను చూస్తాలే," అన్నాను.

డెబ్బై మందిని నేనే కల్పించాను లెండి. వెనక మంచం మీద మా అమ్మాయి ఒక్కతే ఉంది, చక్రాలు దిగేదాకా ఊపిరి బిగబట్టుకుని.