ఇద్దరు దిద్దిన పేపరు

నోటీసు బోర్డు మీద కూతురి మార్కు చూసి డెల్మి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

మళ్ళీ చూసింది. యారెనీకి ఇంగ్లీషులో అరవై ఎనిమిదే.

డెబ్బై రాకపోతే ఎవరి పిల్లయినా మళ్ళీ రికవరీ పరీక్ష రాయాల్సిందే. ఈ పిల్ల సాక్షాత్తూ ఇంగ్లీషు విభాగాధిపతి కూతురు. గ్రాసియాస్ ఊరంతా నవ్వదూ?

పైగా ఈ దిద్దే పద్ధతి పెట్టిందే డెల్మి.

అంతకుముందు స్కూల్లో ఎవరి తక్కెడ వాళ్ళది. మిస్టర్ దగోబెర్తో అనే టీచరు, 'గుడ్ మార్నింగ్' అన్న ప్రతివాడికీ తొంభై వేసేవాడు. తల్లులు తమాలెలు వండుకుని టీచర్ల ఇళ్ళ చుట్టూ తిరిగేవాళ్ళు. డెల్మి నడుం బిగించి అన్నిటికీ చెక్ పెట్టింది. పిల్లలు జవాబులు కంప్యూటర్లో కొట్టాలి, పేర్ల బదులు నంబర్లే ఉండాలి. ఒక్కో పేపరు ఇద్దరు విడివిడిగా దిద్ది, మార్కు చీటీ మీద రాసివ్వాలి.

ఆ రెండూ కలిపి సగం చేసి బోర్డుకెక్కించేది మిస్ మెర్లీన్. జమైకా నుంచి వచ్చి ఏడాదిగా ఇక్కడ ఇంగ్లీషు చెబుతోంది. ఊళ్ళో నా అనేవాళ్ళు లేరు కాబట్టి పక్షపాతం ఉండదని, ఆ పని ఆమెకి డెల్మే అప్పగించింది.

మార్కుల దగ్గర మెర్లీన్ పరమ పిసినారి అని పిల్లల మాట.

డెల్మి కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా స్టాఫ్ రూముకి వెళ్ళింది. మెర్లీన్ బలియాద రొట్టె తింటోంది.

"నా కూతురి పేపరు దిద్దింది మీరేగా?"

"ఒకరు నేనే, మిస్ డెల్మి."

"అనుకున్నా. ఇలా అడ్డంగా కోసేది ఈ స్కూల్లో మీరొక్కరే."

మెర్లీన్ ఏదో చెప్పబోయింది. తల్లి వెనకాల తలదించుకుని నిలబడ్డ యారెనీని చూసి ఆగిపోయింది.

"నిజమే. నేను గట్టిగానే దిద్దుతాను," అంది.

"రెండు మార్కులు. రెండంటే రెండు కలపండి."

"మీ పిల్లకి కలిపితే రేపు అందరి పిల్లలకీ కలపాలి. మీ పద్ధతి చాలా మంచిది. పాడుచేసుకోకండి."

"నా పాఠం నాకే అప్పజెబుతున్నారా?"

"నేను ఊళ్ళో ఉన్న ఈ నాలుగు రోజులూ సాయంత్రం యారెనీని నా దగ్గరికి పంపండి. పిల్లలో విషయం ఉంది."

"ముంచిన మనిషి దగ్గరికే ఈతకి పంపాలా?"

మూల కూర్చుని కాఫీ తాగుతున్న దగోబెర్తో కిసుక్కున నవ్వాడు. మెర్లీన్ బలియాద పొట్లం మడిచి క్లాసుకి వెళ్ళిపోయింది.

ఆ శనివారంతో ఆమె కాంట్రాక్టు అయిపోయింది. బస్సు ఎక్కించడానికి పిల్లలు వెళ్ళారు, యారెనీ కూడా వెళ్ళింది. డెల్మి వెళ్ళలేదు.

సోమవారం ఆఫీసు నుంచి కూతురి పేపరు తెప్పించుకుంది. మెర్లీన్ ఎక్కడ కోసిందో చూస్తే చాలు, రికవరీకి తనే చదివించుకోగలదు. ఆ మాత్రం ధీమా ఆమెకెప్పుడూ ఉంది.

పేపరుకి రెండు చీటీలు గుచ్చి ఉన్నాయి.

మెర్లీన్ సంతకం ఉన్న చీటీ మీద ఎనభై రెండు.

డెల్మి ఆ అంకె మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. ఆ మనిషిని ఎన్నేసి మాటలంది తను. అన్నీ పడి ఊరుకుందే.

రెండో చీటీ తిప్పి చూసింది.

యాభై నాలుగు వేసి, కింద 'పాపం, ఈ పిల్లకి ఇంట్లో ఇంగ్లీషు చెప్పే దిక్కు లేనట్టుంది' అని రాసిన ఆ చేతిరాత డెల్మిదే.