చుట్టూ తిరిగిన గొంతు

ఉదయం ఎనిమిదింటికి విడుదలైన పాటలో గాయని గొంతు లేదు.

తబలా ఉంది. వయొలిన్లున్నాయి. గొంతు మాత్రం ఎవరో కత్తిరించి పట్టుకుపోయినట్టు మాయమైంది.

సౌండ్ ఇంజనీరు ఫోన్ చెవికి ఆనించుకుని మళ్లీ విన్నాడు.

స్టూడియోలోకి పరుగెత్తి ఆరు స్పీకర్లలో వేశాడు. గొంతు నిక్షేపంగా ఉంది. హాయిగా గది చుట్టూ తిరుగుతోంది.

అప్పుడు గుర్తొచ్చాడు ఫ్లాస్కాయన.

సంగీత దర్శకురాలి వెంట వచ్చే మనిషి. గాయకులకు వేడినీళ్లు అందించి, ముందుగదిలో గోడకున్న చిన్న స్పీకరు కింద కూర్చునేవాడు. లోపల మోగేదంతా ఆ ఒక్క స్పీకర్లోకే వస్తుంది. ఆయన పేరెవరూ అడగలేదు.

నిన్న మధ్యాహ్నం ఇంజనీరు భోంచేసి వచ్చేసరికి ఆయన కంప్యూటర్ ముందున్నాడు. గొంతు గది చుట్టూ తిరిగేలా వేసిన సరౌండ్ ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం ఆపేసి ఉంది.

"బయట వింటే గొంతు రావట్లేదు బాబూ. ఇది ఆపితే వస్తోంది. జనం వినేది ఫోన్లోనే కదా."

"అగ్గిపెట్టెంత స్పీకర్లో విని నాకు పాఠం చెబుతున్నారా? మీరు నీళ్ల సంగతి చూసుకోండి పెద్దాయనా."

ఆయన నొచ్చుకోలేదు. "మేడమ్‌కి నేనేం చెప్పన్లే. మీరే కనిపెట్టి సరిచేశారనుకుంటారు" అని ఫ్లాస్కు తీసుకుని బయటికి నడిచాడు.

ఇంజనీరు ప్లగిన్ మళ్లీ ఆన్ చేసి పాట పంపేశాడు.

ఇప్పుడు తెలిసొచ్చింది. ఆ ప్లగిన్ గొంతును రెండు పాయలు చేసి, ఒకదాన్ని తలకిందులు చేస్తుంది. ఆరు స్పీకర్లుంటే దేని దారి దానిది. ఫోన్లోలా ఒకే స్పీకర్లోకి కుదిస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి.

దర్శకురాలు ఫోన్ చేసింది. ఎవరు ముట్టుకున్నారన్నదొక్కటే ఆవిడ ప్రశ్న.

ఇంకా ఐదు పాటలున్నాయి. పదేళ్లుగా ప్రకటనలకు మోతలు కలిపి బతికినవాడికి తొలిసారి చిక్కిన అవకాశం.

"మీ ఫ్లాస్కాయనే మేడమ్. నేను లేనప్పుడు ఏవో నొక్కాడు."

అందులో అబద్ధం లేదని మనసుకు నచ్చజెప్పుకున్నాడు.

సాయంత్రం ఆవిడే వచ్చింది. సరిచేసిన పాట విని తలూపింది. మిగతా ఐదూ అతనికే అంది.

పెద్దాయన్ని పంపేశానంది. నిలదీస్తే "ముట్టుకున్నానమ్మా" అన్నాడట, అంతకుమించి పెదవి విప్పలేదట. తాళంచెవులు బల్లమీద పెట్టి ఊరొదిలి వెళ్లిపోయాడట. ఫోన్ కూడా ఎత్తడం లేదట.

"ఇరవై ఏళ్లుగా నా ప్రతి పాటా ముందు వినేది ఆయనే. ఆయన సరేనంటేనే బయటికి పంపేదాన్ని. నిన్న అడిగితే, ఇంజనీరు చూసుకుంటాడమ్మా అన్నారు."

ఇంజనీరు తల వంచుకున్నాడు.

"నాలుగు స్టూడియోల పనులు విని, ఈ అబ్బాయికివ్వమ్మా అని మిమ్మల్ని ఎంచింది కూడా ఆయనే. వయసైపోయింది, చెవి మందగించినట్టుంది" అంటూ ఆవిడ లేచింది.

తలుపు దాకా వెళ్లిన ఆవిడకు వెనక నుంచి ఇంజనీరు గొంతు వినిపించింది.

"ఆయన చెవి బాగానే ఉంది మేడమ్. ఆయన ఆపిందాన్ని మళ్లీ ఆన్ చేసింది నేను."