కొట్టంలో పెట్టె

"తాళంచెవి ఇయ్య సారూ. గదేందో చెప్పినంకనే తలుపు తీస్త."

బక్కమ్మ కొట్టం రేకుల తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. తాళంచెవి ఆమె కొంగు ముడిలో ఉంది. దివాకర్ ఎదురుగా ఎండలో నిలబడ్డాడు. దేవరకొండ దాటిన దగ్గర్నుంచి మట్టిబాట కుదుపులకు అతని నడుము పట్టేసింది. రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు. హైదరాబాద్‌లో ఎగరేసిన పరిశోధన బెలూన్ ఎక్కడ పడితే అక్కడికి పోయి, దానికి వేలాడే పరికరాల పెట్టెను వెనక్కి తేవడం అతని ఉద్యోగం. తల నెరిసినా ఇంకా అదే చేస్తున్నాడు.

"అమ్మా, అది సర్కారు సామాను. దాచిపెట్టుకోవద్దు."

"దాచుకునేదాన్నయితే నీకు ఎదురుంగ కూసుంటనా? తెల్లారంగ గొర్లను తోలుకపోతుంటే పైకెల్లి గొడుగు లెక్క దిగింది. గొర్లన్ని బెదిరి తలో దిక్కు ఉరికినయ్. మలుపుకొచ్చేటాళ్లకు నా పానం మీదికొచ్చింది. గంత చేసినదాని సంగతి నేనడగొద్దా?"

"పెట్టె పగిలిందా?"

"మంచిగనే ఉండె. పెంకు గూడ ఊడలే."

దివాకర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆ పెట్టె దొరక్కపోతే హైదరాబాద్‌లో దాని మీద పరిశోధన చేసే నలుగురు పిల్లల రెండేళ్ల చదువు మట్టిలో కలిసినట్టే. అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు.

"పైసలు నీ తాన్నే ఉంచుకో," అంది బక్కమ్మ. "నోటితోని చెప్పు."

దివాకర్ జీపు వైపు చూశాడు. డ్రైవర్ ఎల్లేశం ముఖాన తువ్వాల కప్పుకొని గురక పెడుతున్నాడు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఈ పెట్టెను వెతుకుతూనే పొద్దున్నే బయల్దేరిన తమవాళ్ల రెండో జీపు ఎటు పోయిందో తెలియదు. ఇక చేసేదేమీ లేక పక్కనున్న బండ మీద కూలబడ్డాడు.

"అది గాలిని కొలిచే మిషనమ్మా," అన్నాడు. ఏ ఊరికి పోయినా అదే మాట చెబుతాడు. ఆ మాటతో జనం ఎవరి దారిన వాళ్లు పోతారు.

బక్కమ్మ కదల్లేదు. "గాలిని కొలువనీకి పైకెందుకు? గీడ గాలి లేదా?"

దివాకర్ ఆమెను తేరిపార చూశాడు. పోలీసులు కార్డు చూపించమంటారు. సర్పంచులు బెలూన్ గుడ్డ ఊరికి ఇస్తారా అంటారు. ఇంట్లో భార్య ఎప్పుడొస్తావంటుంది. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు.

"అబద్ధం చెప్పిన," అన్నాడు నీరసంగా. "గాలిని కాదు, చుక్కల్ని చూస్తది."

"చుక్కలు గీడికెల్లి కనబడయా?"

"కనబడ్తయి. గని మన కంటికి ఆనని వెలుగు కూడా ఆ చుక్కల నుంచి వస్తది. గాలి దాన్ని కింది దాకా రానియ్యదు. గొంగడి కప్పుకుంటే బయటి చలి ఒంటికి తాకుతదా? గట్లన్నట్టు. అందుకే గొంగడి దాటేదాకా పెట్టెను పంపుతం."

"ఎంత పైకి?"

"నల్లగొండ బస్సెక్కి సగం దూరం పోతే ఎంతయితదో, గంత. నిట్టనిలువుగా."

"గాడ మబ్బులుంటయా?"

"మబ్బులు చానా కిందనే ఉండిపోతయి. పైన పట్టపగలు ఎండ కొడుతుంటది, ఆకాశమేమో నల్లగుంటది."

"పట్టపగలు నల్లగనా!" బక్కమ్మ ముందుకు జరిగింది. "నువ్వు చూసినవా?"

"లేదమ్మా." "నేను కిందనే తిరుగుత. పెట్టె పోయొస్తది."

"ఎన్నడు చూడబుద్ధి కాలేదా?"

"అయింది. అందుకే ఈ కొలువుల చేరిన."

ఆ తర్వాత బక్కమ్మ అడుగుతూనే ఉంది, దివాకర్ చెబుతూనే ఉన్నాడు. చుక్కలు పుట్టడం, ముసలివై కూలిపోవడం, ఎప్పుడో కూలిన చుక్క వెలుగు ఇవాళ మన దాకా రావడం. ఒక మాట అర్థం కాకపోతే ఆమె వదల్లేదు, మళ్లీ చెప్పించుకుంది. దివాకర్ గొంతు బొంగురుపోయింది. నడుము నొప్పి తగ్గలేదు, కానీ దాని మీద ధ్యాస పోయింది. బండ మీది నీడ ఎప్పుడు జరిగిందో అతను చూసుకోలేదు.

"ఇంతసేపు అడిగినవు గని, దీనితోని ఫాయిదా ఏందని అడగలేదేమమ్మా? మా పెద్దసార్లందరూ ముందు అదే అడుగుతరు."

"గొర్లకాడ కూసుంటే పొద్దుగూకేదాక నా ఎదురుంగ ఉండేది ఆకాశమే గద సారూ. దాని సంగతి ఎరుక లేకుంటెట్ల?"

బక్కమ్మ మోకాళ్ల మీద చేతులూని లేచింది. కొంగు ముడి విప్పి తాళం తీసింది. తలుపు తెరుచుకోగానే రెండు గొర్రెపిల్లలు దివాకర్ కాళ్ల సందులోంచి బయటికి దూకాయి. అతను వంగి లోపలికి పోయాడు. ఒక మూల పచ్చిగడ్డి, ఇంకో మూల నీళ్ల తొట్టి. ఇంకేమీ లేదు.

"పెట్టె ఏది?" అతను గిర్రున వెనక్కి తిరిగాడు.

"పొద్దుగాలనే మీవోళ్లు ఇంకో జీపుల ఏసుకపోయిండ్రు. గదేందని అడిగితే ఒక్కడు నోరిప్పలే. ఎనక ఇంకో సారొస్తడు, పెట్టె ముట్టిందని చెప్పుమన్నరు."

"మరి రాంగనే ఆ మాట చెప్పొద్దా?"

బక్కమ్మ గొర్రెపిల్లను చంకనెత్తుకుంది.

"చెప్తే నువ్వు జీపు దిగుదువా సారూ?"