గడప దగ్గర పరీక్ష

“మళ్ళీ చూడండి. తాగనివాడికి లివర్ రాయిలా గట్టిపడుతుందా? నా చెవిలో పువ్వులు పెట్టకండి!” అంటూ ఆమె బల్లమీద చరిచింది. పక్క కుర్చీలో ఆమె మొగుడు పచ్చబడ్డ కళ్ళతో గోడవైపు చూస్తున్నాడు.

పరిశోధకురాలు మైక్రోస్కోపు తెర ఆమెవైపు తిప్పింది. “మీవారి లివర్ ముక్కే ఇది. తాగుడు గుర్తు ఒక్కటీ లేదమ్మా. ఇదిగో, ఈ కణాలు దెబ్బ తగిలిన చోట కట్టు కట్టాలి, మానగానే ఆగాలి. ఈయనలో అవి ఆగట్లేదు. కట్టుమీద కట్టు కడుతూనే ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన లోపం. ఎందుకిలా అవుతుందనేదే మా పరిశోధన.”

తాగొస్తున్నాడని ఆరేళ్ళుగా పెంచుకున్న కోపం ఎటు పోవాలో తెలియక మళ్ళీ మొగుడిమీదికే మళ్ళింది. “మరి తాగలేదని గట్టిగా చెప్పి ఏడవొచ్చుగా?”

“చెప్పాను. రోజూ గడప దగ్గర నిలబెట్టి ఊదమన్నావు, ఊదాను. వాసన రాకపోతే ఏలకులు నమిలి వచ్చానన్నావు.”

ఇద్దరూ ఇంటికి చేరారు.

ఆమె తాళం తీసి లోపలికి నడిచింది. వెనక అడుగుల చప్పుడు లేదు. తిరిగి చూస్తే అతను గడప బయటే ఆగిపోయాడు. కళ్ళు మూసుకుని, మొహం ముందుకు చాచి, రోజూలాగే నోరు తెరిచి నిలబడ్డాడు.

“లోపలికి రండి,” అందామె.

అతను కళ్ళు తెరవలేదు.

“ముందు వాసన చూడు.”