సన్ పదిహేడు

“సన్ పదిహేడు ఈస్వీ. ఆసియా మైనర్‌లో పెద్ద భూకంపం. పన్నెండు పట్నాలు నేలమట్టం,” ముకుందం గట్టిగా వల్లె వేస్తున్నాడు.

వాకిట్లో తల్లి అన్నపూర్ణ చింతపండు పెట్టి ఇత్తడి గంగాళం తోముతోంది. “సన్ పదిహేడుల భూకంపం యాడిది కొడుకా? వరద. మూసీ పొంగింది,” అంది.

ముకుందం నెత్తి కొట్టుకున్నాడు. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

“అవ్వా, నువ్వు చెప్పేది ఫసలీ. నిజాం సర్కారు ఏండ్ల లెక్క. పదమూడు వందల పదిహేడును మీరంత సన్ పదిహేడు అంటరు. ముప్పై ఏండ్ల కింది ముచ్చట అది. నేను చదివేది క్రీస్తు పుట్టినంక పదిహేడేండ్లకు, రోము రాజ్యంల జరిగింది.”

“గా రాజ్యంల సుత సన్ పదిహేడే వచ్చెనా?”

ముకుందం మళ్లీ పుస్తకంలోకి తల దించాడు. చేవెళ్ల బడిలో పదేళ్లుగా పాఠాలు చెబుతున్నా నౌకరీ ఖాయం కాలేదు. ఎల్లుండి పట్నంలో పరీక్ష. ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ముప్పై ఏళ్లు దాటినవాడికి మళ్లీ ఎవరిస్తారు నౌకరీ?

“పడిపోయిన పట్నాలకు చక్రవర్తి ఐదేళ్ల పన్ను మాఫ్ చేశాడు...”

గరగర, గరగర.

“జర ఆపుతవా అవ్వా! దాంట్ల నీళ్లు పోయనియ్యవు, అమ్మనియ్యవు. సొట్టలు పడ్డ గంగాళాన్ని ఇయ్యాలనే అటక మీదికెల్లి దించాల్నా?”

ఆమె చెయ్యి ఆగింది. “పరీక్ష కాయితంల పుట్టిన ఊరు ఏం రాసినవ్?”

“చేవెళ్ల. ఇంకేం రాస్త?”

“సన్ పదిహేడుల నేను పట్నంల మా అక్క ఇంట్ల ఉన్న. మూసీ ఒడ్డుకే ఇల్లు. తెల్లారేసరికి...”

“మళ్లా అదే!” ముకుందం పుస్తకం విసిరికొట్టాడు. “నా నౌకరి పోతున్నది, నీకు వరద కావాలె! సరే, చెప్పు. ఆ వరదల నీదేం కొట్టుకపోయింది?”

అన్నపూర్ణ గంగాళం కడిగి, కొంగుతో తుడిచి, తెచ్చి అతని ముందు పెట్టింది.

“నాదేం పోలే,” అంది.

“దీంట్ల నువ్వు కొట్టుకొచ్చినవ్ కొడుకా.”