లేని బాణం

"బొమ్మ ఉండగా మళ్లీ మాటలెందుకండీ? పెళ్లి ఫొటో కింద ఎవరెక్కడ నిలబడ్డారో రాసినట్టు," అన్నాడు కమిటీ చైర్మన్ నాగేశ్వరరావు.

"రాయకపోతే, అందులో ఎవరు లేరో తెలీదండి," అన్నాడు వరదానం.

వట్లూరులో ఒక కాలేజీ గది. చేపల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లను నడిపే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ ప్రమాణాలు రాస్తున్నారు. వరదానం పట్టు ఒక్కటే. ప్రతి డయాగ్రమ్ పక్కనా దాన్ని మామూలు అక్షరాల్లో రాయాలి. ఏం జరిగితే ఏం చెయ్యాలో చూపే ఒక్కో బాణానికి ఒక్కో వరుస. బొమ్మకూ రాతకూ తేడా వస్తే రాతే చెల్లాలి.

ఆ పట్టు ఎందుకో గదిలో అందరికీ తెలుసు. పాత పత్రంలో, పేజీలో పట్టలేదని బొమ్మ కుదించడంలో ఒక బాణం ఇంకో గీత కిందికి పోయింది. కరెంటు లీకైతే మోటారు ఆపమని చెప్పే బాణం అది. బొమ్మ చూసి ప్రోగ్రాం రాసినవాళ్లకు అది కనబడలేదు. కొల్లేరు గట్టున, మేత వేయడానికి చెరువులో దిగిన సరోజ మళ్లీ ఒడ్డెక్కలేదు.

సరోజ వరదానం భార్య.

"సరేనండీ, రాత పెడదాం," అన్నాడు నాగేశ్వరరావు. "చివరి పేజీలో జరిగిందీ రాద్దాం. ఆ బొమ్మ గీసినాయన పేరెందుకండీ?"

"పేరు లేకపోతే నేను సంతకం పెట్టను."

"ఆయనా మనిషే కదండీ. మూడేళ్లుగా కంటి మీద కునుకు లేదంటారు."

"ఉండకూడదు."

ల్యాప్‌టాప్ ముందున్న ఇంజనీరు రూబీ మెల్లగా అంది. "వదిలెయ్యండి సార్. సరోజగారైతే ఎప్పుడో క్షమించేసేవారు."

"ఆవిడ క్షమిస్తుందమ్మా. నేను క్షమించను."

"ఓటింగు పెట్టమంటారా?" నాగేశ్వరరావు గొంతు కాస్త గట్టిపడింది.

"పెట్టండి. ఓడిపోతే ఈ కాగితం పట్టుకుని చెరువు చెరువుకీ తిరుగుతాను. పేరుతో సహా చదివి వినిపిస్తాను. ఎవరాపుతారో చూస్తాను."

ఎవరూ చెయ్యెత్తలేదు. నాగేశ్వరరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"రాయమ్మా," అన్నాడు.

రూబీ వేళ్లు కదల్లేదు.

వరదానం ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. ఒక్కో బాణాన్నీ ఒక్కో వరుసలో రాశాడు. లేని బాణాన్ని అన్నిటికంటే ముందు రాశాడు.

అన్నీ అయ్యాక, 'తప్పు బొమ్మ గీసినవారు' అన్నచోట తన పేరు టైపు చేశాడు.